మా జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు అంతరిక్ష విజ్ఞానం ఎలా పరిచయం చేయాలి? ఏ కార్యక్రమాలకు పంపాలి?

టీచర్ గారూ, మీరు అడిగింది ఇదీ: చంద్రయాన్-3 దిగడం బడిలో టీవీ పెట్టి చూపించినప్పటి నుంచి పిల్లలు రోజూ ఏదో ఒకటి అడుగుతున్నారు. మీది పల్లెటూరి హైస్కూలు, టెలిస్కోపు లేదు, నిధులు లేవు. ఇస్రో వాళ్ల వేసవి శిక్షణ యువికకు ఎలా పంపాలి, శ్రీహరికోట టూర్ పెడితే ఉపయోగం ఉంటుందా, మీ స్కూలుకు వచ్చి ‘నాసా టూర్’ గురించి చెప్పిన వాళ్లను నమ్మొచ్చా అని.

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. బడుల చుట్టూ తిరిగి ఆకాశం చూపించే పని సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్క పిల్లను ఇస్రోకు పంపడం మీద కన్నా, క్లాసులో ఉన్న నలభై మంది చేత ఏదో ఒకటి స్వయంగా కొలిపించడం మీద మీ శ్రమ పెట్టండి. అలా కొలిచే అలవాటున్న బడి నుంచి పిల్లలు ఎంపికవడం కూడా తేలికే. అయితే యువికకు గడువు తేదీలుంటాయి కాబట్టి ముందు ఆ సంగతి.

యువిక అంటే యువ విజ్ఞాని కార్యక్రమం. ఇస్రో 2019లో మొదలుపెట్టింది. అప్పట్లో రాష్ట్రానికి ముగ్గురినే తీసుకున్నారు, తర్వాత సీట్లు పెంచారు. కొవిడ్ వల్ల 2020, 2021లో జరగలేదు. తొమ్మిదో తరగతి వాళ్లకు మాత్రమే. వేసవి సెలవుల్లో, మే నెలలో, దాదాపు రెండు వారాలు తమ దగ్గరే ఉంచుకుని పాఠాలు చెబుతారు, ల్యాబులు చూపిస్తారు. శ్రీహరికోట, హైదరాబాదులోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం), బెంగళూరు, తిరువనంతపురం, అహ్మదాబాదు, డెహ్రాడూన్, షిల్లాంగ్... ఇలా ఇస్రో కేంద్రాల్లో ఏదో ఒకటి వస్తుంది. బస, భోజనం, పుస్తకాలు వాళ్లవే. రానుపోను చార్జీలు పిల్లకే కాదు, దిగబెట్టడానికి వచ్చే పెద్దవాళ్లలో ఒకరికి కూడా ఇస్తారు. ఈ మాట తల్లిదండ్రులకు మొదటి మీటింగులోనే చెప్పండి. ఖర్చు భయంతో అప్లై చేయకుండా వదిలేసిన ఇళ్లు నేను చూశాను.

ఇక ఎంపిక ఎలా అంటే, ఈమధ్య వచ్చిన నోటిఫికేషన్లలో ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం వెయిటేజీ. ఆన్‌లైన్ క్విజ్‌కు 10. సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటే స్థాయిని బట్టి 10 వరకు. ఒలింపియాడ్ లాంటి పోటీలకు 5 వరకు, ఆటలకు 5 వరకు, స్కౌట్స్, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌లకు 5. మిగిలిన 15 పంచాయతీ పరిధిలోని బడిలో చదువుతుంటే చాలు, వచ్చేస్తాయి. పట్నంలో కార్పొరేట్ స్కూలు పిల్లాడు ఎన్ని ఒలింపియాడ్లు రాసినా ఆ గడిలో 5 దాటవు. మీ పిల్లలకు ఊరి పుణ్యమా అని 15 ముందే ఉన్నాయి. నేను కలిసిన హెడ్మాస్టర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

నోటిఫికేషన్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వస్తుంది. అప్పుడు పరిగెత్తితే లాభం లేదు. గత మూడేళ్ల సైన్స్ ఫెయిర్లు లెక్కలోకి వస్తాయి కాబట్టి పని ఏడో తరగతిలోనే మొదలవ్వాలి. బడి స్థాయి ఫెయిర్‌కు కూడా కొంత వెయిటేజీ ఉంది. కాబట్టి ఏటా ఒకటి పెట్టండి, రిజిస్టరులో రాయండి, హెడ్మాస్టరు సంతకంతో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్ ఇవ్వండి. జిల్లా సైన్స్ అధికారితో పరిచయం పెంచుకోండి, పిల్లల కొత్త ఐడియాలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు కూడా అదే దారి. అందులో ఎంపికైన ఐడియాకు నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. మన బడుల్లో అప్లికేషన్లు ఆగిపోయేది తెలివి తక్కువై కాదు, కాగితాల దగ్గర. టీసీలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఓటీపీ నాన్న ఫోనుకు వస్తుంది, నాన్నేమో పొలంలో ఉంటాడు. ఈ రెండూ జనవరిలోనే సరిచేసి పెట్టుకోండి, ఆఖరి రోజు టెన్షన్ తప్పుతుంది.

ఎంపికైన పిల్ల వెళ్లి వస్తుంది. వచ్చాక బడి తెరవగానే ఒక వారంపాటు ప్రార్థన సమయంలో రోజుకు పది నిమిషాలు ఆ పిల్ల చేత మాట్లాడించండి. లేదంటే ఆ రెండు వారాలు ఒక ఇంటి గోడమీద ఫొటోగా మిగులుతాయి, అంతే.

ఇప్పుడు మిగతా ముప్పై తొమ్మిది మంది సంగతి. నా లెక్కలో అసలు పని ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఒక మీటరు పొడవున్న నిటారైన కర్ర, చదునైన నేల, టేపు, గడియారం. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర వాలిందో లేదో తెలిసిపోతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా, ఐదేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దతో గీత పెట్టించండి. పన్నెండింటికి నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుందని పిల్లలందరూ (కొందరు టీచర్లు కూడా) అనుకుంటారు. ఉండదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. కడప దానికి పడమర, సుమారు 78.8 దగ్గరుంది, కాబట్టి అక్కడ మిట్టమధ్యాహ్నం కాస్త ఆలస్యంగా వస్తుంది. అక్కడ సెప్టెంబరు 23న పొట్టి నీడ 12.07 ప్రాంతంలో పడుతుంది, అదే మార్చి 21న 12.22 ప్రాంతంలో. మార్చిలో ఒంటిపూట బడి గంట కొట్టేలోపు చేయాలంటే ఈ లెక్క ముందే తెలిసుండాలి.

ఈ పని రెండు ఊళ్ల బడులు ఒకే రోజు చేస్తే భూమి చుట్టుకొలతే వస్తుంది. రెండు వేల ఏళ్లకు పైగా వెనక ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసింది ఇదే. ఒకదానికి దాదాపు సూటిగా ఉత్తరాన ఇంకొకటి ఉండాలి. మనకు అలాంటి జంటలున్నాయి: ఆదిలాబాదు, కడప. అక్షాంశాల తేడా సుమారు 5.2 డిగ్రీలు, ఉత్తర దక్షిణ దూరం 577 కిలోమీటర్ల చిల్లర. మార్చి 21న మీటరు కర్రకు కడపలో నీడ 26 సెంటీమీటర్ల దగ్గర, ఆదిలాబాదులో 36 దగ్గర వస్తుంది. రెండు చోట్లా నీడల నుంచి కోణాలు తీసి, తేడా కట్టి, 360ని దానితో భాగించి, దూరంతో గుణిస్తే 40,000 కిలోమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది. టాన్ పట్టిక రాని ఏడో తరగతి వాళ్లయితే గ్రాఫు కాగితం మీద త్రిభుజం గీసి కోణమానినితో కొలుస్తారు. ఒకటే జాగ్రత్త: దూరం బస్సు దూరం కాకూడదు. మ్యాపులో స్కేలు పెట్టి కొలిపించండి.

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. ఒకచోట ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు నీడ కొస దగ్గర పోట్లాడుకున్నారు. ఒకడు ఇక్కడ అంటాడు, ఒకతె కాదు ఇంకో వేలెడు అవతల అంటుంది. ఇద్దరిదీ నిజమే. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని మీటరు కర్ర నీడ కొస ఎప్పుడూ ఒక సెంటీమీటరు మేర మసగ్గా ఉంటుంది. ఆ ఒక్క సెంటీమీటరు తేడాతో కోణం అర డిగ్రీ మారుతుంది, 5.2 డిగ్రీల మీద అర డిగ్రీ అంటే భూమి చుట్టుకొలతలో నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరిపోతాయి! ‘మరి ఏం చేద్దాం?’ అని మీరు వాళ్లనే అడగండి. కర్ర పొడవు పెంచుదామని ఒకరు, కొసన చిల్లు పెట్టిన అట్టముక్క అతికిద్దామని ఇంకొకరు, పదిమంది కొలిచి సగటు తీద్దామని మరొకరు అంటారు. పొడవు పెంచితే మసక కూడా పెరుగుతుందని ఒక పూట తర్వాత వాళ్లకే తెలుస్తుంది. మసక మధ్యను పట్టుకోవడం నేర్చుకుంటారు. ఏ రాకెట్ నమూనా ముందు నిలబెట్టినా పిల్లలు ఇంతసేపు వాదించుకోగా నేను చూడలేదు.

నెలకోసారి చేసినా చాలు. హైదరాబాదులో అదే కర్రకు డిసెంబరు 22న 86 సెంటీమీటర్ల నీడ, మార్చి 21న 31, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో అసలు నీడే ఉండదు. మే సెలవుల్లో పోతుంది, ఆగస్టులో మబ్బు పడుతుంది, అదృష్టం బట్టి దొరుకుతుంది. ఎనిమిది నెలల నీడలు ఒకే గోడమీద గీసుకున్న పిల్లలకు రుతువుల గురించి విడిగా చెప్పక్కర్లేదు.

రెండోది, ఉపగ్రహ చిత్రం. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ తెరిచి మీ ఊరి చెరువు చూపించండి. అయితే చూపించి వదిలేయకండి. ఇస్రో ఉపగ్రహం రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా చిత్రంలో ఒక చుక్క అంటే నేలమీద 23.5 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న చదరం, అంటే సుమారు 552 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. భాగించమనండి. ఎకరానికి ఏడు చుక్కల పైచిలుకు. ‘మా అరెకరం కనిపిస్తుందా సార్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి. మూడున్నర చుక్కలు, అందులో గట్టు, పక్క చేను కలిసిపోతాయి. మరి వరి ఉందో పత్తి ఉందో పైనుంచి ఎలా చెబుతున్నారు? కంటికి కనిపించని పరారుణ కాంతిని పచ్చని ఆకు బాగా తిప్పికొడుతుంది, ఆ కాంతిని చిత్రంలో ఎర్రగా చూపిస్తారు. నీళ్లు నల్లగా వస్తాయి. నాట్లప్పుడు ఒక చిత్రం, కోతల ముందు ఒక చిత్రం పక్కపక్కన పెడితే పిల్లలు తమ వీధి, తమ చేను వెతుక్కుంటారు. కోస్తా జిల్లాల వాళ్లకైతే తుఫాను ఉండనే ఉంది. ఇన్‌శాట్ ఉపగ్రహాలు తీసే మబ్బుల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. 2014లో హుద్‌హుద్ విశాఖను ఎలా చితక్కొట్టిందో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన కథ, అక్టోబరు 12 నాటి ఆ చిత్రం, రెండూ ఒకేసారి ముందు పెట్టండి.

రాత్రి ఆకాశం గురించి క్లుప్తంగా. చవక టెలిస్కోపు కొనకండి. డబ్బా మీద 500 రెట్లు, 600 రెట్లు అని రాసుంటుంది. అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు మించి పెద్దది చేస్తే మసకే మిగులుతుంది. 60 మిల్లీమీటర్ల దానికి 120 రెట్లు గరిష్ఠం, అది కూడా స్టాండు కదలకుండా ఉంటేనే. 10×50 (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల అద్దాలు) బైనాక్యులర్ ఒకటి కొని గోడకు ఆనించి చూపిస్తే గురుగ్రహం పక్కన గెలీలియో 1610లో చూసిన నాలుగు చందమామలు కనిపిస్తాయి. చంద్రుణ్ని పౌర్ణమి నాడు చూపించడం శుద్ధ దండగ. సప్తమి, అష్టమి నాడు వెలుగు చీకటి కలిసే అంచున గుంతల నీడలు పొడవుగా పడతాయి, అప్పుడు చూడాలి. కంటితోనే చూడగలిగినవీ బోలెడున్నాయి: కృత్తికల్లో ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలరో పందెం, వసిష్ఠుడి పక్కన అరుంధతి. పెళ్లిలో పట్టపగలు చూపించేది ఎక్కడుంటుందో చాలామంది పిల్లలు అప్పుడే మొదటిసారి చూస్తారు. సంధ్య వేళో తెల్లవారుజామునో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుగుతూ ఐదారు నిమిషాలు దాటిపోతుంది, సమయాలు నాసా వాళ్ల ‘స్పాట్ ది స్టేషన్’ యాప్‌లో దొరుకుతాయి. సూర్యుడి వైపు మాత్రం ఏ పరికరమూ తిప్పనివ్వొద్దు. కళ్లు పోతే తిరిగిరావు.

ఆడపిల్లలను రాత్రిపూట బడికి పంపరని మీరు రాశారు. నిజమే, వాళ్ల భయం వాళ్లది. ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించండి, తల్లులను కూడా పిలవండి. తల్లులొస్తే పిల్లలొస్తారు. మీ మండలంలో కస్తూర్బా విద్యాలయమో గురుకులమో ఉంటే ఇంకా మేలు. పిల్లలు అక్కడే ఉంటారు, మేడ ఉంటుంది, తెల్లవారుజామున నాలుగున్నరకు లేపినా వస్తారు. ఆకాశం చూపించే కార్యక్రమాలు చేసేవాళ్లు పట్నం స్కూళ్ల వెంట పడతారు గానీ, ఇంతకన్నా అనువైన చోటు ఇంకోటి లేదు.

శ్రీహరికోట విషయానికొస్తే, టూర్ పెట్టండి, తప్పులేదు. 2019 మార్చి నుంచి జనం కూర్చుని చూసేందుకు గ్యాలరీ ఉంది, ఐదు వేల మంది పడతారు. ప్రయోగం ప్రకటించాక వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. రైల్లో అయితే సూళ్లూరుపేటలో దిగి, పులికాట్ మీదుగా వెళ్తారు. కానీ ప్రయోగం అనుకున్న రోజు జరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ను ఇంకా 56 నిమిషాలుందనగా ఆపేశారు. అది ఎగిరింది 22న. అంత దూరం బస్సు కట్టించుకుని వెళ్లి, చూడకుండా తిరిగొచ్చే అవకాశం ఉందని పిల్లలకూ పెద్దలకూ ముందే చెప్పి బయల్దేరండి.

దానికన్నా తేలికైంది ప్రపంచ అంతరిక్ష వారోత్సవం, అక్టోబరు 4 నుంచి 10 వరకు. 1957లో స్పుత్నిక్ ఎగిరిన రోజు మొదటిది, 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకొచ్చిన రోజు రెండోది. షార్ (శ్రీహరికోట కేంద్రం) వాళ్లు ఏటా కొన్ని పట్టణాల్లో నమూనాలు తెచ్చి ప్రదర్శన పెడతారు, క్విజ్, వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు ఉంటాయి. అక్కడ జరిగేది మీకు తెలుసు. మూడొందల మంది వరసలో నడుస్తారు, ప్రతి నమూనా ముందు సెల్ఫీ, అరగంటలో బయట. వెళ్లే ముందే నలుగురేసి పిల్లలకు ఒక్కో ప్రశ్న ఇచ్చి పంపండి, జవాబు ఇస్రో ఇంజనీరును అడిగి తెచ్చుకోవాలి.

ఉదాహరణకు ‘రాకెట్‌ను తూర్పు వైపే ఎందుకు వదులుతారు?’ శ్రీహరికోట దగ్గర నేల భూమితోపాటు సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది, ఆ వేగం రాకెట్‌కు ఉచితంగా వస్తుంది. పైగా కింద సముద్రం, ఇంధనం కాలిపోయాక విడిపోయే భాగాలు (దశలు) ఎవరి నెత్తినా పడవు. వెంటనే రెండో ప్రశ్న: మరి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని దక్షిణానికి పంపాలి కదా? సూటిగా పంపితే దారిలో శ్రీలంక. అందుకే ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా వెళ్లి తర్వాత వంపు తిరుగుతుంది. ఆ వంపుకు ఇంధనం ఖర్చవుతుంది. పెద్ద రాకెట్ ఓర్చుకుంటుంది, చిన్న రాకెట్‌కు కష్టం. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర ఇంకో ప్రయోగ కేంద్రం కడుతున్నది ఇందుకే. గ్లోబు మీద దారం పెట్టి ఈ దారులు గీయిస్తే సోషల్ టీచరు కూడా మీతో కలుస్తారు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి వదిలేస్తాను. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం వెళ్లింది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు దాని పరికరాల తయారీలో చేయి వేశారు. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకు సెన్సర్లు చెడిపోయాయని రాకెట్ కంప్యూటర్ పొరబడింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకే దిగిన కక్ష్యలో పడి ఉపగ్రహం పోయింది. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 సరిగ్గా చేరింది. ఇది చెప్పి, ‘76 కిలోమీటర్ల ఎత్తులో ఏముంది, ఎందుకు పోయింది?’ అని అడిగి చూడండి. పీరియడ్ సరిపోదు.

కంప్యూటర్ ల్యాబు పనిచేస్తుంటే గ్రహశకలాల వేట కూడా పెట్టుకోవచ్చు. అంతర్జాతీయంగా నడిచే ఈ కార్యక్రమంలో హవాయి దీవుల్లోని పాన్-స్టార్స్ టెలిస్కోపు చిత్రాలు బడులకు పంపుతారు. వరసగా తీసిన చిత్రాల్లో కదిలే చుక్కను పిల్లలు వెతికి నివేదిక పంపాలి. రుసుము లేదు. ఓపిక మాత్రం చాలా కావాలి. ‘గ్రహశకలాన్ని కనిపెట్టిన బాలిక’ అని పేపర్లో చూసినప్పుడు అది ప్రాథమిక గుర్తింపు అని, దాని కక్ష్య ఖరారవడానికి ఏళ్లు పడుతుందని పిల్లలకు చెప్పి ఉంచండి.

చివరగా నాసా టూర్. ‘నాసాకు ఎంపికైన విద్యార్థి’ అని ఫ్లెక్సీలు కడతారు చూడండి, వాటిలో చాలావరకు ఒక ట్రావెల్ ప్యాకేజీ. ఫ్లోరిడాలో కెన్నెడీ అంతరిక్ష కేంద్రం పక్కన సందర్శకుల కాంప్లెక్స్ ఉంది, టికెట్ కొని ఎవరైనా వెళ్లొచ్చు. చాలా బాగుంటుంది, డబ్బున్నవాళ్లు పిల్లల్ని తీసుకెళ్తే సంతోషం. కాకపోతే దానికి ఒక పరీక్ష పెట్టి, అందరినీ ‘సెలెక్ట్’ చేసి, లక్షల్లో కట్టమనడం ఉందే, అది వ్యాపారం. అప్పు చేసి కట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు. మీ స్కూలుకు వచ్చినవాళ్లను మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: నాసాతో ఒప్పందం కాగితం ఏది, పరీక్ష రాసినవాళ్లలో ఎంతమందిని కాదన్నారు, డబ్బు కట్టలేని పిల్ల ఎంపికైతే ఏం చేస్తారు. జవాబులు వచ్చేదాకా వాళ్ల సర్క్యులర్ మీద హెడ్మాస్టరు గారి సంతకం ఆపించండి, వాట్సాప్ గ్రూపులో మాత్రం అసలు పెట్టనివ్వకండి.